పదమూడో కార్డు

1973 నవంబరు. రెండు నెలల్లో మూడు మిలిటరీ లారీలు దేవరాపల్లి రోడ్డులో పేలిపోయాయి. ముగ్గురు డ్రైవర్లు చనిపోయారు. మూడుసార్లూ వెనక ఎస్కార్ట్ జీపులో గవరయ్య అనే గార్డు ఉన్నాడు.

"వాణ్ణి అనుమానించి లాభం లేదు," అన్నాడు చీఫ్. "గార్డులు పన్నెండుమంది. ట్రిప్పుకి నలుగురు. కంప్యూటర్ లిస్టులోంచి ర్యాండమ్‌గా పేర్లు తీసేస్తుంది. మిగిలినవాళ్లలో మొదటి నలుగురు వెళతారు. దానికి చుట్టాలు లేరు."

"కార్డులు పెట్టేవాళ్లకి ఉంటారు సార్," అన్నాడు ఏజెంట్ గణపతిరావు.

నాలుగో లారీ బయల్దేరే ఉదయం అతను బెల్లం వ్యాపారి వేషంలో చోడవరం చేరాడు. లారీలు బయల్దేరే గోడౌన్ వెనక గదిలో కంప్యూటర్ ఉంది. ప్రోగ్రామర్ విశాలాక్షి గార్డుల పేర్లున్న పంచ్ కార్డులు సర్దుతోంది. పట్టుచీర, లిప్‌స్టిక్.

"ఈ ఏడు పాకం ముదిరిందా?"

"రాత్రే దింపేసేరు."

కోడ్ సరిపోయింది. గణపతిరావు కార్డులు లెక్కపెట్టాడు. పదమూడు.

"పన్నెండుమందే కదమ్మా?"

"పై కార్డు చనిపోయిన గార్డుది. తియ్యడం మర్చిపోయేను. ఏటవుతాది? చనిపోయేడని పంచ్ చేసేను కదా, మిషన్ ప్రతిసారీ ఆ పేరు తీసేస్తాది."

"దాని కింద?"

"గవరయ్యది."

గణపతిరావు సంచిలోంచి శాంపిల్ బెల్లం ముక్కలు ఐదు తీసి వరుసగా పెట్టాడు. మొదటిది నోట్లో వేసుకున్నాడు. మిగతావాటిని ముందుకి జరిపాడు.

"రెండోది మొదటి చోటికొచ్చింది. మీ ప్రోగ్రామ్ మొదటి చోటు చూసేశానని రెండో చోటుకి పోతుంది. గవరయ్య పేరు చూడనే చూడదు. వాడు ప్రతిసారీ మిగిలి, మొదటి నలుగురిలో ఉంటాడు."

"పొరపాటయింది. దిద్దుతాను." ఆమె చెయ్యి పౌడర్ డబ్బా మీదికి వెళ్లింది.

"పౌడరు తర్వాత రాసుకోవచ్చు." డబ్బా తన జేబులో వేసుకున్నాడు. "ఇవాళ్టి లిస్టు వచ్చిందా?"

"ఇంకా లేదు. పదింటికి."

పొరపాటైతే తన పేరే వస్తుందని గవరయ్యకి ముందే తెలియదు. తెలిస్తే అది పొరపాటు కాదు. గణపతిరావు గది తలుపుకి బయట గడియ పెట్టి లారీ దగ్గరికి నడిచాడు.

గవరయ్య టిఫిన్ క్యారియర్‌ని డ్రైవర్ సత్యారావుకి అందిస్తున్నాడు.

"ఏటిరా ఈ బరువు? మీ ఆవిడ రుబ్బురోలు కూడా సర్దీసిందేటి?"

"సీటు కింద ఎట్టు మావా. జీపులో ఒలికిపోతాది. దేవరాపల్లిలో తిందుం."

గణపతిరావు మధ్యలోనే క్యారియర్ అందుకున్నాడు. "ఇవాళ డ్యూటీ నీదని ఎవరు చెప్పారు బాబూ? లిస్టే రాలేదు."

గవరయ్య క్యారియర్ పిడి మెలితిప్పి పరిగెత్తాడు. సత్యారావు లారీలోంచి దూకి వాణ్ణి కింద పడేశాడు. "నన్ను సంపుదామనేరా, ఒరే!"

పై గిన్నెలో పులిహోర. కింది గిన్నెలో గడియారం, డైనమైటు. పిడి తిప్పడంతో ముల్లు కదిలింది; పేలడానికి ఇరవై సెకన్లున్నాయి. వైర్లు రెండు, రెండూ ఎరుపే. గణపతిరావు గడియారాన్నే పీకేశాడు. ముల్లు ఒక సెకను ఇవతల ఆగింది.

గడియ తీసేసరికి విశాలాక్షి మిగిలిన బెల్లం తింటోంది. పౌడర్ డబ్బాలో పౌడరు లేదు. అరచేతిలో పట్టే పిస్తోలుంది. తమ వెనకున్న విదేశీ ముఠా పేరు ఆమె గంటలోపే చెప్పింది.

గణపతిరావు చీఫ్‌కి మూడు నిమిషాల ట్రంక్ కాల్ బుక్ చేశాడు.

"ఇక మిషన్ వద్దయ్యా," అన్నాడు చీఫ్. "మిగిలిన పదకొండు పేర్లూ చీటీల మీద రాసి, డబ్బాలో కలిపి తీద్దాం."

"మంచిది సార్. చీటీలు ఎవరు రాస్తారు?"

చీఫ్ ఆలోచిస్తుండగా మూడు నిమిషాలూ అయిపోయాయి.