పాత గుర్తుమాట

దెయ్యాలకి చీకటే కావాలని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు ఆ కొండమీద మంచు చూసి ఉండరు. మధ్యాహ్నం భోజనాలై పళ్ళేలు ఇంకా కడగకముందే లోయలోంచి మంచు లేచి పటాలం మొత్తాన్ని కమ్మేసేది. పక్కనున్న మనిషి దగ్గితే తప్ప ఉన్నాడో లేడో తెలిసేది కాదు.

మందుగుండు గోదాము వెనక ఒక రేకుల గది ఉంది. ఒక మనిషి, ఒక తుపాకి, గోడకి ఒక ఫోను, అంతే పడుతుంది అందులో. అక్కడ కాపలా అనగానే ఒకడికి కడుపునొప్పి వచ్చేది, ఇంకోడికి కాలు బెణికేది. ఎందుకో అందరికీ తెలుసు, నోరు విప్పి ఎవరూ అనరు. పోయిన వానల్లో, పాటగాడని అందరూ పిలిచే సిపాయి ఆ గదిలోనే తన ప్రాణం తనే తీసుకున్నాడు. పైవాళ్ళు 'ప్రమాదం' అన్నారు. మిగతావాళ్ళూ ప్రమాదమే అని తలలూపి ఊరుకున్నారు.

మొండోడు మాత్రం పంపిన ప్రతిసారీ వెళ్ళేవాడు. అతనూ పాటగాడూ పక్కపక్క మంచాలవాళ్ళు. "నీకు భయం లేదేంట్రా?" అంటే "దెయ్యమే నన్ను చూసి జడుసుకోవాలి" అని నవ్వేవాడు. ఆ నవ్వు పైపైనే. స్నేహితుడు పోయినప్పటి నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు, అన్నం సయించడం లేదు. ఈమధ్య తుపాకి తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి దానివంక అదోలా చూస్తున్నాడు. ఆ చూపుకి తనకే భయం వేసేది. అక్క ఫోన్ చేసి "ఎలా ఉన్నావురా సన్నాసీ?" అంటే మాత్రం "బానే ఉన్నా" అనేవాడు.

పటాలానికి మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఉంది. కానీ ఆమె గుమ్మం తొక్కినవాడి తుపాకి తీసేసుకుని, వంటింట్లో ఉల్లిపాయలు తరగమంటారు. ఇక వాడి పేరు జన్మంతా 'ఉల్లిపాయే'. అందుకే ఆ గుమ్మమంటే మగాళ్ళందరికీ హడలు, మొండోడితో సహా.

రేకుల గది కాపలాకి ఒక నియమం ఉంది. మంచులో మొహాలు కనపడవు కాబట్టి, డ్యూటీ మార్చుకోడానికి వచ్చినవాడు బయటే ఆగి ఆ రోజు గుర్తుమాట చెప్పాలి. చెప్పేదాకా తుపాకి ఇవ్వకూడదు, కన్నతండ్రైనా సరే. ఆ మాట కాపలా పెద్ద మీసాలాయన రోజూ పొద్దున్నే పెట్టేవాడు. పెద్ద ఆలోచనేం లేదు, కళ్ళముందు ఏది ఉంటే అదే. చీపురు, తాళంకప్ప, దువ్వెన. పాటగాడు పోయిన రోజు వాన కాబట్టి 'గొడుగు'. ఈరోజు ఎవడో బల్బు మారుస్తున్నాడు కాబట్టి 'నిచ్చెన'.

మొండోడు వచ్చి నిలబడ్డ కాసేపటికే మంచు తలుపుదాకా వచ్చేసింది. రేకుల అంచు నుంచి నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి. తడిమట్టి వాసన, తుపాకి నూనె వాసన. వాటి మధ్య ఇంకేదో... తలనొప్పి మందు. నిద్రపట్టక పాటగాడు నుదుటికి రాసుకునే మందు. కళ్ళు మండేంత ఘాటు.

నీటి చుక్కల చప్పుడు ఆగిపోయింది.

బూట్లు... గులకరాళ్ళ మీద... మెల్లిగా.

"ఆగు! ఎవరది?"

బూట్లు ఆగాయి.

"నేనేరా మొండీ..." గుసగుసగా వచ్చింది గొంతు. "నీ డ్యూటీ అయిపోయింది. వచ్చెయ్."

పక్కమంచం మీంచి ఎన్నో రాత్రులు విన్న గొంతు అది.

"గుర్తుమాట చెప్పు."

"గొడుగు..."

"అది పాతది."

తర్వాత రేకు గోడ అవతల, సరిగ్గా అతని చెవి దగ్గర... "అలిసిపోయావు కదరా... ఎవరికోసం ఇదంతా? తలుపు తియ్. తుపాకి ఇటిచ్చి హాయిగా పడుకుందువుగాని..."

హాయిగా. నిజమే, అలిసిపోయాడు. తుపాకి పట్టుకున్న చెయ్యి తలుపు గడియ వైపు కదులుతోంది. తను కదిలించడం లేదు... అదే కదులుతోంది.

గొంతు మారింది. "అక్కనిరా... వచ్చెయ్ నాన్నా... చాల్లే ఇంక..."

ఇదిగో, ఇక్కడే అది తప్పు చేసింది. మొండోడికి ఒళ్ళు మండిపోయింది.

"మా అక్క పుట్టి బుద్ధెరిగి నన్ను నాన్నా అనలేదు! సన్నాసీ అంటుంది, వెధవా అంటుంది. ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావు?" అని గోడని ఒక్క తన్ను తన్నాడు. "నువ్వు నిజంగా మా పాటగాడివే అయితే విను. నీకోసం ఏడవని రోజు లేదురా నాకు. ఆ రోజు పొద్దున అడిగానా లేదా, ఎలా ఉన్నావురా అని? బానే ఉన్నా అన్నావు! ఒక్క ముక్క చెప్పుంటే తుపాకి లాక్కుని నీ పక్కనే కూర్చునేవాణ్ణి కదరా! నేను రాను. నువ్వు పిలిచినా రాను, యముడు పిలిచినా రాను!"

అరుస్తూ అరుస్తూ టక్కున ఆగాడు. బానే ఉన్నా. అక్కకి తను చెప్పేదీ అదే కదా.

కాపలాలో తుపాకి వదిలితే శిక్ష. వదిలాడు. దాన్ని అవతలి మూలకి ఆనించి, ఇవతలికొచ్చి ఫోన్ ఎత్తాడు.

"అయ్యా, మొండిని. నేను బాలేను."

"జ్వరమా?" అన్నాడు మీసాలాయన.

"కాదు. చచ్చిపోవాలనిపిస్తోంది. తుపాకి నా దగ్గర ఉండకూడదు. ఎవరన్నా రండి."

తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. "ఫోన్ పెట్టకు. వంటాయన ఇక్కడే ఉన్నాడు, నీతో మాట్లాడతాడు. నేను వస్తున్నా."

వంటాయనకి ఏం మాట్లాడాలో తెలీలేదు పాపం. "బాబూ... ఇవాళ కూరలో ఉప్పు ఎక్కువైందా?" అన్నాడు.

గర్ర్... గర్ర్... గోడకి అవతల గోళ్ళతో గీకుతున్న చప్పుడు. చుట్టూ తిరుగుతోంది. తలుపు దాకా వచ్చింది.

"చాలా ఎక్కువైంది!" ఆ చప్పుడు మీదకి గొంతు చించుకుని అరిచాడు మొండోడు. "నోట్లో పెట్టలేకపోయాం! నిన్నటిది ఇంకా ఘోరం! మాట్లాడు, ఆపకు!"

తలుపు గడియ దానంతటదే పైకి లేస్తోంది...

"నిచ్చెనరా నాయనా, నిచ్చెన!" మంచులోంచి రొప్పుతూ కేక. మీసాలాయన ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. గీకుడు ఆగిపోయింది. నీటి చుక్కలు మళ్ళీ పడసాగాయి. మొండోడు ఆయన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డాక్టరమ్మ గుమ్మం తొక్కాడు. అక్కకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేరా వెధవా" అని ఆవిడా ఏడ్చింది. తుపాకి తీసేసుకున్నారు, ఉల్లిపాయలిచ్చారు. ఎవడో "ఏరా ఉల్లిపాయా!" అంటే, మొండోడు కత్తి పక్కన పెట్టి, "అవును, మనసు డాక్టర్ దగ్గరికే వెళ్తున్నా. నువ్వూ వస్తావా? తోడొస్తా" అన్నాడు. అలా అన్నవాడే మర్నాడు చాటుగా వచ్చి వెంట నడిచాడు. తర్వాత ఇంకొకడు. కొన్నాళ్ళకి వంటింట్లో ఉల్లిపాయలు చాల్లేదు.

మెల్లిగా నిద్ర పట్టింది, ఆకలి వేసింది. చలికాలం చివర్లో డాక్టరమ్మ సరేనంటే తుపాకి తిరిగిచ్చారు. మొండోడు అడిగి మరీ రేకుల గది డ్యూటీ వేయించుకున్నాడు. అక్కడ కాపలా ఉన్న బక్కోడనే కుర్రాణ్ణి పంపించి తను నిలబడాలి. ఆ రోజూ మంచే. గది బయట ఆగి, "సబ్బు!" అని ఆ రోజు గుర్తుమాట గట్టిగా చెప్పాడు.

బక్కోడు తలుపు తీశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మళ్ళీ వచ్చావేంటన్నా?"

"మళ్ళీ ఏంట్రా? ఇప్పుడేగా వస్తున్నా."

"ఇందాకే వచ్చావు... నీ గొంతే. డ్యూటీ అయిపోయింది, తుపాకి ఇచ్చి పడుకోమన్నావు. గుర్తుమాట అడిగితే 'నిచ్చెన' అన్నావు. అది కాదుగా అని ఇవ్వలేదు."

మొండోడు గదిలోకి వచ్చి గడియ వేశాడు. బక్కోడి తుపాకి తన చేతిలోకి తీసుకుని, వాడి భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"మంచి పని చేశావు. నువ్వెళ్ళొద్దు, ఇద్దరం ఉందాం. ఇప్పుడు నిజం చెప్పు, ఎలా ఉన్నావురా?"

బక్కోడు నోరు తెరిచేలోపే, బయట మంచులోంచి, అచ్చం మొండోడి గొంతే జవాబు చెప్పింది.

"బానే ఉన్నా..."