గుమ్మం పక్కన భూకంపం సంచి

"మీ అమ్మమ్మగారి బీపీ మాత్రలు లేవు," అన్నాడు తహ్సీన్, సంచిలోంచి తల పైకెత్తకుండానే.

"పెట్టాను," అంది నెర్మిన్.

"పెట్టారనే అనుకుందాం."

ఆ మాటకు నెర్మిన్‌కు ఒళ్లు మండిపోయింది.

తహ్సీన్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాడు. కింది అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. టర్కీలోని ఈ ఇజ్మీర్‌లో ఆ మధ్య భూమి గట్టిగా కదిలాక, అపార్ట్‌మెంట్ వాళ్లు అతన్ని వాలంటీరుగా నిలబెట్టారు. భూమి కదిలితే పట్టుకుని బయటపడడానికి అందరూ గుమ్మం దగ్గర సర్దిపెట్టుకున్న భూకంపం సంచుల్ని ప్రతి ఆదివారం ఇల్లిల్లూ తిరిగి చూస్తాడు. మిగతా ఇళ్లలో గుమ్మం దగ్గరే పని ముగించేవాడు. నాలుగో అంతస్తులో నెర్మిన్ వాళ్లింట్లో మాత్రం సోఫాలో కూర్చుని, టీ తాగి, ఆలివ్‌లు తిని, తప్పులు పట్టి మరీ వెళ్లేవాడు.

నెర్మిన్ సంచిలో లోపమేమీ లేదు. అమ్మమ్మ సంచిలోనే ప్రతి వారం ఏదో ఒకటి మాయమయ్యేది. మాత్రల తర్వాత ఉన్ని శాలువా పోయింది. ఆ తర్వాత బూట్లు. సంచికి చేతులొచ్చి అదే విప్పుకుంటోందా అని నెర్మిన్ విసుక్కుంటే, ఫిజిక్స్ ప్రకారం ఆ అవకాశం తక్కువేనని అతను నెమ్మదిగా చెప్పాడు. అతని నెత్తిన టీ గ్లాసు బోర్లించాలనిపించింది ఆమెకు.

అమ్మమ్మ మూజెయ్యెన్ మాత్రం ఏమీ ఎరగనట్టు అతని గ్లాసులో మళ్లీ టీ పోసేది.

ఆ అమాయకత్వం చూశాక నెర్మిన్‌కు అనుమానం వచ్చింది. ఈ కుర్రాడు మళ్లీ మళ్లీ రావాలనే ముసలావిడ వస్తువులు తీసేస్తోందనుకుంది. కోపం రావలసినంత రాలేదు. పైగా ఆదివారాలు పొద్దున్నే తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. తన మీద తనకే చిరాకేసింది.

ఒక ఆదివారం నెర్మిన్ రొట్టెలు కొనుక్కుని వస్తుంటే మెట్ల మీద తహ్సీన్ కలిశాడు. ఇద్దరూ తలుపు తీసేసరికి అమ్మమ్మ నేల మీద కూర్చుని ఉంది. తన సంచిలోంచి స్వెట్టరు తీసి ఒళ్లో దాచుకుంటోంది.

"దొరికావు," అంది నెర్మిన్. "ఈయన్ని రప్పించడానికి ఇదా మార్గం?"

అమ్మమ్మ నవ్వలేదు.

"ఈయన కోసం కాదే. నాలుగంతస్తుల మెట్లు. ఈ మోకాళ్లతో నేను దిగేలోపు నువ్వూ నాతోపాటు ఆగిపోతావు. నా సామాను లేకపోతే, నేను రానని ముందే తెలుస్తుంది. నువ్వైనా వెళ్తావనుకున్నా."

చేతిలో రొట్టెల సంచి ఎక్కడ పెట్టాలో నెర్మిన్‌కు తోచలేదు. అమ్మ పోయినప్పటి నుంచి ఆమెను పెంచింది ఈ మనిషే.

"నిన్ను వదిలేసి వెళ్లి నేనేం చేసుకోవాలి?" అంది.

తహ్సీన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "అమ్మమ్మగారిని నేను దింపుతాను," అన్నాడు. "భూమి కదలడం ఆగగానే పైకొస్తాను."

వారాల తరబడి పేరుకున్న విసుగంతా ఒక్కసారిగా అతని మీదికి తిరిగింది. బయటపడ్డవాళ్లు మళ్లీ లోపలికి వెళ్లకూడదని అపార్ట్‌మెంట్ మీటింగులో గొంతు చించుకున్నది ఎవరని నిలదీసింది.

"నేనే."

"మరి?"

"చాలాసార్లు ఆలోచించానండీ. మీరు పైన ఉంటే నేను కింద నిలబడలేను. ఎలా లెక్కేసినా కాళ్లు పైకే వస్తున్నాయి."

నెర్మిన్ అతని వంక చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"బుద్ధుందా మీకు? ఊగిన మేడ మెట్లెక్కి వస్తారా? అంతకంటే పైన మా ఇంట్లోనే ఉండిపోవచ్చుగా."

అనేశాక గానీ, తానేమన్నదో ఆమెకు తెలియలేదు. తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది. బయట చూడ్డానికేమీ లేదు, ఎదుటి బిల్డింగు గోడ తప్ప.

"పెళ్లి చేసుకునా, చేసుకోకుండానా?" అని అడిగింది అమ్మమ్మ.

"చేసుకునే," అన్నాడు తహ్సీన్. నెర్మిన్ కూడా దాదాపు అప్పుడే ఆ మాటే అంది, కాస్త విసుగ్గా.

తహ్సీన్ వంగి, పెద్దల దీవెన కోరే పద్ధతిలో అమ్మమ్మ చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండు బాబూ. నేల మీద కూలబడి దీవించడమేమిటి? ముందు నన్ను లేపండి."

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని ఆమెను నిలబెట్టారు.