తెనాలి సుభద్రమ్మ ఉత్తరం

తవిటయ్యగారి రికార్డును ఊరందరి ముందూ నవ్వులపాలు చేసింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే తప్ప మిగతాది చెప్పడానికి నాకు నోరు పెగలదు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. తవిటయ్యగారు లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో యాభై ఏళ్ళుగా ఆయన సన్నాయే మోగుతోంది. ఆయనకి డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో కలకత్తా కంపెనీ ఒకటి ఆయన్ని పిలిపించి లాంగ్ ప్లే రికార్డు వేసింది. దాన్ని ఒక ఆదివారం పొద్దున రైల్వే ఇనిస్టిట్యూట్‌లో అందరికీ వినిపించే బాధ్యత నా నెత్తిన పడింది. నేను కంట్రోల్ ఆఫీసులో గుమాస్తాని. నాకు తెలియని మిషన్ ఉండదని నా గొప్ప.

సూది పెట్టాను. హాల్లో చీమల పెళ్ళికి బాజా మోగినట్టు కీచుమంటూ పరుగెత్తింది సన్నాయి. జనం ఫక్కున నవ్వారు. అక్కడైనా ఊరుకోవాలా? మైకు అందుకున్నాను.

"తాతగారికి బండి లేటైనట్టుంది, మేకప్ చేస్తున్నారు!"

లేటైన బండి వేగం పెంచి టైము కలుపుకోవడాన్ని మా రైల్వేలో మేకప్ అంటారు. హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచి, చేతికర్ర వెతుక్కుని, బయటికి నడిచాడు. అదే వరుసలోంచి ఒకమ్మాయి మాత్రం తిన్నగా నా మీదికి వచ్చింది.

"ఏటండీ, మీకు చెవులున్నాయా?"

"ఏమైందండీ?"

"ఆ మీట చూడండి. డెబ్భై ఎనిమిది మీద పెట్టినారు. లాంగ్ ప్లే ముప్ఫై మూడు మీద తిరగాలని తెలీదా? మైకులో జోకులొకటి మళ్ళీ!"

సూది ఎత్తి, రికార్డు అట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది. బయటికి నడిచిన ముసలాయనే తవిటయ్యగారనీ, ఆమె ఆయన మనవరాలు గంగాభవాని అనీ, తెలుగు బడిలో టీచరనీ పక్కవాళ్ళు చెప్పారు. కళ్ళు బాగున్నాయని నాకు ఆ క్షణంలోనే తోచింది. అలా తోచినందుకు ఇంకా సిగ్గేసింది.

వారం తర్వాత న్యూ సెటిల్‌మెంట్ బజార్లో వాన పట్టుకుంది. ఒక కొట్టు చూరు కింద నేను, నా సైకిలు, పక్కన ఆమె.

"సారీ అండీ," అన్నాను.

"మీ సారీ నేనేం చేసుకోను? తాత సన్నాయి పెట్టెలో పెట్టేసి తాళం వేసేసినాడు. ముసలోడి ఊపిరి ఎవులికి కావాలే అంటున్నాడు. యాభై ఏళ్ళలో ఒక్క పూట వాయించకుండా ఉండలేదండీ ఆయన."

వాన వెలవకుండానే వెళ్ళిపోయింది. జడ చివర నీళ్ళు కారుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రమే తెనాలి సుభద్రమ్మ పుట్టింది. ఇన్లాండు లెటరు తీసుకుని, రాత గుండ్రంగా మార్చి, ఆవిడ తరఫున రాశాను. 'మా అన్నగారు కొనుక్కొచ్చిన మీ రికార్డు విన్నాను. నిన్న 17.40కి పెట్టుకుంటే, పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేకపోయాను. చనిపోయిన మా అమ్మ నా పెళ్ళిలో పెట్టించిన సన్నాయి మళ్ళీ విన్నట్టుంది.' లైను మీద తిరిగే స్నేహితులు చేతులు మార్చి దాన్ని తెనాలి పోస్టు డబ్బాలోనే వేశారు. ముద్ర కూడా అక్కడిదే పడింది.

పది రోజులకి బడి దగ్గర భవాని తనే నన్ను ఆపింది.

"మీకోటి చెప్పాలి. తెనాలి నుంచి తాతకి ఉత్తరం వచ్చింది! తాతకి చదువు రాదు కదా, నేనే చదివి వినిపించినాను. సన్నాయి మళ్ళీ బయటికి తీసినాడు."

"అలాగా! ఎవరండీ ఆవిడ?" నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"ఎవరో మహాతల్లి. మీలాంటివాళ్ళే కాదు, అలాంటివాళ్ళూ ఉన్నారు లోకంలో."

నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో ఉత్తరం రాశాను. సుభద్రమ్మను పొగిడినప్పుడల్లా భవాని నాతో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేది. లేని మనిషి మీద అసూయపడుతూ, ఆ మనిషి చాటునే బతికాను.

ఒక శనివారం ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. "తాత తెనాలి వెళ్తున్నాడండీ! రిటైర్మెంట్ పాస్ రాయించేసినాడు. రేపే ప్రయాణం. ఆ తల్లి గుమ్మంలో కూకుని ఒక్క కీర్తన వాయించి వస్తానంటున్నాడు."

డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి సన్నాయి చంకన పెట్టుకుని, లేని ఇంటి కోసం తెనాలి వీధుల్లో అడుగుతూ తిరుగుతాడు. చెబితే భవాని మళ్ళీ నా మొహం చూడదు. చెప్పకపోతే నా మొహం నేనే చూసుకోలేను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. తవిటయ్యగారు అరుగు మీద మూట కట్టుకుంటున్నారు. భవాని టీ గ్లాసులు తెస్తోంది.

"తాతగారూ, వెళ్ళకండి. సుభద్రమ్మ లేదు. ఆ ఉత్తరాలు నేను రాసినవి."

భవాని టీ గ్లాసులు అరుగు మీద ఠక్కున పెట్టింది. తవిటయ్యగారు మూట ముడి విప్పసాగారు.

"వచ్చినావా బాబూ. రావేమో అనుకున్నాను."

"మీకు తెలుసా?"

"నలభై ఏళ్ళు రైల్వేలో సేసినాను. తెనాల్లో పాలు కాసుకున్న ఆడమనిషి పదిహేడు నలభైకని రాత్తాదేటి? అయిదు నలభై అంటాది. అది మన రైలోడి రాతే. మైకులో మేకప్ అన్నది కంట్రోల్ ఆఫీసు బాబని ఆవేళే తెలిసింది. నీ అంతట నువ్వు వత్తావో రావో సూద్దారని పాస్ తీసినాను."

భూమి చీలితే బాగుండుననిపించింది.

"పోనీ, ఇదొక్కటి సెప్పు. మళ్ళీ సరిగ్గా పెట్టి ఇన్నావా దాన్ని?"

ఇదే నేను భయపడిన ప్రశ్న. అన్ని పొగడ్తలు రాశాను గాని ఆ రికార్డు ఒక్కసారీ సరిగ్గా వినలేదు.

"లేదండీ."

"మరెందుకు రాసినావు?"

"మొదటిది... మీకు చేసిన పనికి. తర్వాతది, చదివేది భవానిగారు కదా అని." మాట జారిపోయాక గాని ఏమన్నానో అర్థం కాలేదు.

తవిటయ్యగారు నవ్వలేదు. మనవరాలి వైపు చూశారు. సుభాష్‌పల్లిలో ఉన్న భవాని స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చిన ప్లేయరు లోపల ఉంది. భవాని వెళ్ళి మీట ముప్ఫై మూడు మీద పెట్టి తిప్పింది.

విన్నాను. రెండు వైపులా విన్నాను. అయ్యేసరికి టీ చల్లారిపోయింది.

"ఇప్పుడు సెప్పు. పొగడమాక."

"రెండో వైపు మొదట్లో, పై స్థాయిలో ఒకచోట ఊపిరి అందలేదు మీకు. ఆగి, మళ్ళీ అక్కడికే వెళ్ళారు. అక్కడ నాకు ఏడుపొచ్చింది."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "కంపెనీ వోళ్ళు మళ్ళీ వాయించమన్నారు అక్కడ. నానే వద్దన్నాను." లేచి, నా భుజం తట్టి లోపలికెళ్ళారు.

అరుగు మీద మేమిద్దరం మిగిలాం.

"నాకు కోపం ఎందుకొచ్చిందో తెలుసా?" అంది భవాని తల వంచుకునే. "ఆ పదిహేడు నలభై నేను పట్టుకోలేదు. రోజూ తీసి చదువుకుని ఏడ్చేదాన్ని. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"ఇక అబద్ధం ఉత్తరం రాయనండీ. మీకొక నిజం ఉత్తరం రాయొచ్చా?"

తలెత్తింది. "రాయండి. కాస్త చూసి రాయండి. మా ఇంటికొచ్చిన ఏ ఉత్తరమైనా తాతకి నేను చదివి వినిపించాల్సిందే."

మూడు రోజులు కూర్చుని రాశాను. మొదటి మాట నుంచి చివరి సంతకం దాకా ఆమె తలుపు వెనక నిలబడి చదివిందట. తవిటయ్యగారు కళ్ళు మూసుకుని మొత్తం విని, ఒక్క మాట అడిగారట.

"బాగానే రాసినాడు. వోళ్ళ అమ్మా బాబూ ఏ ఊర్లో ఉంటారో అడగవే."