చూపు చెరిగిన వైపు

మాంసం కోసే షెడ్డులో మా పని తెల్లారి ఆరింటికి మొదలవుతుంది. నా బల్ల కిటికీ దగ్గర. నా ఎడమపక్క బల్ల పిట్టక్కది. వసపిట్టలా వాగుతూనే ఉంటుందని ఆమెకు ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఆమే మర్చిపోయి ఉంటుంది. కొక్కేనికి వేలాడే గొర్రెను దించుకోవడం, తొడలు, భుజాలు విడదీయడం, ఎముక గీకి అవతలికి తోయడం. పదకొండేళ్లుగా ఇదే పని. కీలు ఎక్కడుందో నాకంటే ముందు నా కత్తికే తెలుస్తుంది.

పాప పుట్టిన నాలుగో నెలలో మళ్లీ పనిలోకి వచ్చాను. అప్పటికే ఒంట్లో ఏదో తేడాగా ఉంది. కాన్పయిన మూడో వారానికే పాలు ఇంకిపోయాయి. "మనసులో దిగులుంటే పాలు పడవమ్మా" అని అత్తయ్య మెత్తగానే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది. కళ్ల వెనక ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు తలనొప్పి. ఎన్ని నీళ్లు తాగినా ఆరని దాహం. నడినెత్తిన ఎండ కాస్తున్నా చలి. నాలుగు మెట్లెక్కితే ప్రాణం కడగట్టేది.

తర్వాత చూపు పోవడం మొదలైంది. పోవడమంటే చీకటి కాదు. ఎదురుగా ఉన్నది స్పష్టంగానే కనిపించేది. రెండు పక్కలా మాత్రం ఏమీ ఉండేది కాదు. గుర్రానికి గంతలు కట్టినట్టు.

"ఏమే, ఆ గుమ్మంతో నీకేమన్నా పాత పగా? పొద్దుట్నుంచి మూడోసారి గుద్దుకున్నావ్" అంది పిట్టక్క. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఖాళీలోంచి మొదటిసారి ఊపిరి వినిపించింది ఆ రోజే. కత్తి నూరుకుంటున్నాను. ఎడమ చెవి పక్కన... తడిగా... ఆగి ఆగి. పచ్చినెత్తురు వాసన మాకు అలవాటే. ఇది అది కాదు. బాలింత గదిలో మాడిన పాలవాసన లాంటిది. పిట్టక్క ఒంగి చూస్తోందేమో అనుకుని తల తిప్పాను. ఆమె బల్ల దగ్గర ఎవరూ లేరు. పిట్టక్క షెడ్డు ఆ చివర చేతులు కడుక్కుంటోంది.

నాలుగు రోజుల తర్వాత, సెలవు రోజు, ఇంట్లో, మధ్యాహ్నం. పాప నిద్రపోతోంది. పాప బట్టలు మడతపెడుతున్నాను. చెవి మీద దెబ్బ పడింది.

చెంపదెబ్బ కాదు, పిడికిలి. నేను తేరుకునేలోపే జుట్టు దొరకబుచ్చుకుని నా నుదుటిని బీరువా అంచుకేసి కొట్టింది. ఒకసారి. రెండోసారి. వెచ్చగా నెత్తురు కంట్లోకి కారింది. ఇటు తిరిగితే అటు, అటు తిరిగితే ఇటు. ఎటు తిరిగినా అది నాకు కనిపించని వైపే ఉంటోంది.

మా ఆయన సరుకుల వ్యాన్ నడుపుతాడు. అప్పుడే అన్నానికి వచ్చినవాడు నా కేకలకు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరే? ఎవరు కొట్టారు?"

"పక్కనుంచండీ..."

"పక్కన ఎవరున్నారు?"

"కనబడితే కదా చెప్పడానికి!"

మెడ మీద నాలుగు గోటిగాట్లు చర్మాన్ని లేపేశాయి. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని గోళ్లు చూశాడు. మాంసం పనిలో ఉన్నవాళ్లం, గోళ్లు కండదాకా కత్తిరించుకుంటాం. గీకడానికి నాకు గోళ్లే లేవు. ఆ పూట నుంచి పాపను అత్తయ్య పక్కన పడుకోబెట్టమని నేనే అడిగాను.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలు, తలకు స్కానింగ్. గ్రంథుల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. బొమ్మ చూపిస్తూ చెప్పింది. "మెదడు అడుగున, సరిగ్గా ముక్కు మొదలు వెనకాల, బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందమ్మా. పిట్యూటరీ అంటారు. పాలు, నీరు, వేడి, ఓపిక, అన్నిటికీ హుకుం అక్కణ్ణించే రావాలి. మనల్ని కాపాడాల్సిన రక్తకణాలే దాన్ని శత్రువనుకుని తినేస్తున్నాయి. కాన్పు రోజుల్లో కొందరికి ఇలా వస్తుంది. అది వాచి, పైనున్న కంటి నరాల్ని నొక్కుతోంది. అందుకే పక్కలు కనిపించట్లేదు."

"కంచే చేను మేసినట్టు" అన్నాడు మా ఆయన.

"అంతే. మందులకు వాపు తగ్గుతుంది. కానీ ఈ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా ఒంటికి తట్టుకునే శక్తినిచ్చే రసం ఇప్పుడు మీలో తయారవట్లేదు. వాంతిలో మాత్ర పోయిందంటే వేసుకోనట్టే. వెంటనే ఇక్కడికి రండి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది."

"నన్ను కొడుతున్నది ఎవరు డాక్టరమ్మా?"

ఆమె నా నుదుటి గాయంవైపు చూసింది. "చూపు లేనిచోట మెదడు బొమ్మలు కల్పించుకుంటుంది."

"బొమ్మలకు గోళ్లుంటాయా?"

ఆమె మందుల చీటీ రాసి నా ముందుకు తోసింది.

మందు మొదలుపెట్టాక తలనొప్పి తగ్గింది. ఎనిమిది రోజులు ఊపిరి వినపడలేదు. తొమ్మిదోరోజు పొద్దున కడుపులో తిప్పి రెండుసార్లు వాంతయింది. మాత్ర కూడా వచ్చేసింది. మా ఆయన అప్పటికే వ్యాన్ తీసుకుని వెళ్లిపోయాడు. ఒక్క పూటకేమవుతుందిలే అనుకుని పనికి పోయాను. ఆ ఒక్క మాట ఎందుకనుకున్నానా అని ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకుంటాను.

మధ్యాహ్నం రెండింటికి, కోల్డ్‌రూమ్‌లోంచి గొర్రెను తెమ్మన్నాడు మేస్త్రి. కత్తి నడుముకున్న ఒరలోనే ఉంది. బరువైన తలుపు నా వెనకాల దానంతటదే మూసుకుంది. లోపల పట్టాలకు వరసగా వేలాడే గొర్రెలు, తల లేకుండా, తెల్లగా. కిటికీలుండవు. మోటారు రొద ఒక్కటే. కాళ్లు తేలిపోతున్నాయి. తడుముకుంటూ నాలుగో వరస దాకా వెళ్లాను.

కరెంటు పోయింది.

మోటారు ఆగింది. నేను గుడ్డిదాన్నయ్యాను, ఈసారి పూర్తిగా. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. దాని పక్కనే ఇంకొకటి.

టక్... కొక్కెం పట్టా మీద కదిలింది. టక్... ఇంకొకటి. ఎవరో గొర్రెల్ని పక్కకు తోసుకుంటూ వస్తున్నారు. తొందరేమీ లేదు. ఎడమవైపు నుంచి. మాడిన పాలవాసన...

"పిట్టక్కా?" అన్నాను.

చెవిలో గుసగుస.

"ఎవరే నువ్వు?"

నా గొంతే అది. అచ్చం నా గొంతే.

"నా ఒంట్లో ఎందుకున్నావ్?"

కొట్టింది. పక్కటెముకల మీద, కడుపులో, మళ్లీ పక్కటెముకల మీద. లోపల ఏదో పుల్లలా విరిగిన చప్పుడు. కింద పడ్డాను. నా ఛాతీ మీద ఎక్కి కూర్చుంది. వేళ్లు కళ్ల మధ్య పెట్టి, ముక్కు మొదట్లో, లోపలికి నొక్కుతోంది. చర్మం చిట్లింది. ఎముక కిరకిరమంది. దానికి కావలసింది అక్కడే ఉందన్నట్టు తవ్వుతోంది.

అరిచాను. కాళ్లు తన్నుకున్నాను. చెయ్యి ఒర దాకా పాకింది. కత్తి దూసి పైకి పొడిచాను. దిగింది. పదకొండేళ్లుగా ఎరిగిన మెత్తదనం... కండలోకి, ఎముక దాకా. మళ్లీ పొడిచాను. నా ముఖం మీద వేడి నెత్తురు ధారగా పడింది. ఎవరో నా మణికట్టు విరిచి కత్తి లాక్కున్నారు.

అంతవరకే గుర్తుంది.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో కళ్లు తెరిచాను. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేదాన్ని కాదట. రక్తపోటు అడుగంటిపోయిందట. మూడు పక్కటెముకలు, మణికట్టు విరిగాయి. ముక్కు మొదట్లో పుండు. మందు సూదిలోంచి ఒంట్లోకెక్కాకే మనిషినయ్యానంది డాక్టరమ్మ. మా ఆయన నా కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నన్ను ముందు చూసిందెవరండీ?" అని అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. "నీ కేకలు విని పిట్టక్కే ముందు లోపలికొచ్చింది. ఇప్పుడు పక్క వార్డులో ఉంది. భుజంలో రెండు పోట్లు. చెయ్యి ఇక పైకి లేవదన్నారు."

నా కేకలు విని, తలుపు తోసుకుని చీకట్లో నా మీదికి వంగిన మనిషిని పొడిచేశానన్నమాట. నడవగలిగిన రోజే వెళ్లి ఆమె మంచం దగ్గర నేలమీద కూలబడ్డాను.

"అక్కా, నీ చెయ్యి పోగొట్టాను. నీ కాళ్లు పట్టుకుంటాను, క్షమించక్కా."

పిట్టక్క తలుపువైపు ఒకసారి చూసి, నన్ను దగ్గరికి రమ్మంది.

"నువ్వు కాదే."

"నేనే అక్కా. కత్తి దిగడం నాకు తెలుసు."

"నీకేం తెలుసు? నేను సెల్‌ఫోన్ లైటు వేసుకుని వచ్చాను. అప్పటికే నీకు స్పృహ లేదు. నీ తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కత్తి నీ చేతిలో లేదు." భుజం కట్టు మీద చెయ్యి వేసుకుంది. "పోటు నా వెనకనుంచి పడింది. తిరిగి చూశాను..."

"ఎవరక్కా?"

"నా ఒళ్లోనూ నువ్వే ఉన్నావ్. నిలబడీ నువ్వే ఉన్నావ్" అని దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఎంత బతిమాలినా ఇంకో ముక్క చెప్పలేదు. పోలీసులకు మాత్రం, చీకట్లో జారి కొక్కెం మీద పడ్డానని చెప్పిందట. షెడ్డంతా వెతికినా నా కత్తి దొరకలేదు.

మూడు నెలలు గడిచాయి. గ్రంథి వాపు దిగిపోయింది. మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే, కానీ చూపు పక్కలకు తిరిగొచ్చింది. గుమ్మాలు తగలడం లేదు. పాప నా పక్కనే పడుకుంటోంది. పిట్టక్క ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటోంది. చూపు ఎంత విప్పారిందో కొలవాలని డాక్టరమ్మ నిన్న కంటి పరీక్షకు పంపింది.

గిన్నెలాంటి తెల్లటి యంత్రంలో ముఖం పెట్టాలి. నడిమి చుక్కనే చూస్తూ, పక్కన ఎక్కడ చిన్న వెలుగు కనిపించినా చేతిలోని బటన్ నొక్కాలి. పరీక్ష చేసే ఆయన నెమ్మదిగా చెబుతూనే ఉన్నాడు. గది చీకటి. చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. కుడి, పైన, కింద, ఎడమ. అన్నీ కనిపించాయి. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అయ్యాక ఆయన లైటు వేసి కాగితం చూశాడు. "బాగుందమ్మా, ఎక్కడా ఖాళీ లేదు. కాకపోతే వెలుగు లేనప్పుడు కూడా ఏడెనిమిదిసార్లు నొక్కారు. కంగారు పడ్డారా?"

"లేదండీ. ఒక్క చుక్క వచ్చినప్పుడు ఒకసారి నొక్కాను. జంటగా వచ్చినప్పుడు ఎన్నిసార్లు నొక్కాలో మీరు చెప్పలేదు."

ఆయన కాగితం మళ్లీ చూశాడు.

"ఇందులో ఎప్పుడూ ఒక్క చుక్కే వెలుగుతుందమ్మా. జంటగా రావు."

నాకు మాత్రం వచ్చాయి. మొదట అవి ఎడమ అంచున, చాలా దూరంలో వచ్చాయి. రెండు, పక్కపక్కన. ప్రతిసారీ కాస్త ఇవతలికి. ఆఖరిసారి వెలిగినప్పుడు పక్కన లేవు. నడిమధ్యన ఉన్నాయి, నా ముఖానికి జానెడు దూరంలో... రెప్ప వేసి, తెరిచాయి.