అన్నయ్య చెప్పిన సంస్కరణ

టీవీలో అన్నయ్య కనిపించగానే చెల్లెలు కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

ఆయన ఈమధ్యే పరిశ్రమల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. నిన్న ఆర్థికమంత్రి ముందు సంఘం తరఫున మాట్లాడింది పొద్దున్నే వార్తల్లో వేస్తున్నారు.

"దేశం ఎదగాలంటే సంస్కరణలు తప్పవు. దిగుమతి సుంకాల చాటున బతికే చిన్న పరిశ్రమల్ని ఇంకెన్నాళ్లు మోస్తాం? పోటీకి నిలవలేనివి తప్పుకోవాలి."

అలా అన్న మనిషే ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. తన గొంతు విని తనకే ముచ్చటేసిందేమో, తల కాస్త పైకెత్తాడు.

నాన్న పోయాక పంపుల ఫ్యాక్టరీ అన్నయ్యకు, తాళాల షెడ్డు ఆమెకు వచ్చాయి. పంపులు దేశాలు దాటాయి. తాళాలు మాత్రం, బయటినుంచి వచ్చే సరుకు మీద సుంకం ఉండబట్టి ఊపిరి పీల్చుకుంటున్నాయి. అది అన్నయ్యకు తెలియనిదేమీ కాదు.

"తప్పుకోవాల్సింది నేనేగా, అన్నయ్యా?"

"నీ గురించి కాదమ్మా. అది సంఘం అభిప్రాయం."

"ఆ సంఘం మనింట్లోనే రొట్టె తింటోంది మరి!"

అమ్మ ఫక్కున నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి నవ్వు మింగేసింది.

"బయటి తాళం నీదానికన్నా చవక, గట్టిది కూడా. కొనేవాడెందుకు నష్టపోవాలి?" అన్నాడు అన్నయ్య.

"కాదని నేననను. కానీ మంత్రిగారికి చెప్పేముందు పక్క గదిలో ఉన్న నాకు చెప్పాలనిపించలేదా? ఇవాళ నా పనివాళ్లకు ఏ ముఖం చూపించను?"

"చెబితే ఏడుస్తావని..."

"ఏడవనిచ్చి, తర్వాత మంత్రిగారికి చెప్పాల్సింది."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు," అంది అమ్మ నెమ్మదిగా. "నువ్వు ఇల్లు వదిలేసి రచ్చకెక్కావు, నాయనా."

షెడ్డులో అందరూ ఆ వార్త చూసే వచ్చారు. స్ప్రింగులు బిగించే పెద్దావిడ ఒక్కతే అడిగింది, "మూసేస్తున్నామా అమ్మా?" అని. చెల్లెలు పాత మిషన్ల వంక చూసింది. కొత్త మిషన్లు ఏటికేడు వాయిదా వేసింది తనే. సుంకం ఉందిగా అన్న ధీమా!

మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ లేచింది.

"తప్పుకోమన్నారటగా బాబూ. ఎక్కడికి తప్పుకోవాలో కూడా చెబితే పోతాం."

మైకు ముందు ఏనాడూ తడబడని మనిషి నేల చూపులు చూశాడు. తర్వాత చెల్లెలి గదిలో కూలబడి అన్నాడు, "సుంకం పోవాలన్న మాట వెనక్కి తీసుకోను. అది నమ్మే అన్నాను."

"తీసుకోమని నేనడిగానా?"

"కానీ ఎప్పుడు, ఎలా అన్నది మేం ఆలోచించనేలేదు. సంఘంలో నీలాంటివాళ్లు ఒక్కరూ లేరు. రేపు మీటింగుకి రా. వచ్చి, తప్పేదో చెప్పు."

"నలుగురిలో కడిగేస్తాను మరి."

"ఇంట్లో అలవాటేగా!"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు హాలు నిండా పెద్ద పరిశ్రమలవాళ్లు. "మంత్రిగారి ముందు నేను సగమే చెప్పాను. మిగతా సగం మా చెల్లెలు చెబుతుంది," అని అన్నయ్య పక్కకు జరిగి మైకు ఇచ్చాడు.

కళ్లు తుడుచుకుని ఆమె మొదలుపెట్టింది.

"మాకు జాలి వద్దండీ. గడువు కావాలి."