ఆదివారం ప్యాడ్లు

"అమ్మే ఉద్దేశం ఉందా, లేదా?" అని అడిగాడు అతను.

కారు సామాన్ల షాపులో కౌంటర్ వెనక అమ్మాయి తల ఎత్తలేదు. "ఉంది. ఏది అమ్మాలో తెలియాలిగా" అంది.

అప్పటికే ఆమె అతన్ని బోలెడు ప్రశ్నలు అడిగింది. కారు బరువెంత, టైర్లు ఏవి, ట్రాక్ మీద ఏకబిగిన ఎన్ని రౌండ్లు కొడతారు, మిగతా రోజుల్లో ఆ కారు ఎవరు నడుపుతారు. అతనిది కళ్లద్దాల షాపులో ఉద్యోగం. పొద్దస్తమానం జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడిగే మనిషికి, ఎదుటివాళ్ళు తనని అడిగితే మాత్రం ఒళ్ళు మండింది.

వారమంతా ఊళ్ళో తిరగడానికీ, నెలకో ఆదివారం ఊరి బయటి రేస్ ట్రాక్ మీద సరదాగా పరుగెత్తించడానికీ, రెండింటికీ పనికొచ్చే బ్రేక్ ప్యాడ్లు కావాలి. అదేమంత గొంతెమ్మ కోరిక కాదని అతని ఉద్దేశం.

ఆమె ఓపిగ్గానే చెప్పింది. రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే చక్రాన్ని పట్టేస్తాయి, చప్పుడు చెయ్యవు, కానీ ట్రాక్ మీది వేడికి చేతులెత్తేస్తాయి. ట్రాక్ ప్యాడ్లకు ఎంత వేడయినా లెక్కలేదు, కానీ ఆ వేడి పుట్టేదాకా సరిగ్గా పట్టవు. మధ్యరకం ఒకటి ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సరిపోతుంది.

"అదే ఇవ్వండి" అన్నాడు.

"ఇస్తాను. మీ స్పీడు పెరిగాక మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

"అంత నమ్మకమా నా మీద?"

"మీ మీద కాదు. ప్యాడ్ల మీద."

ఆ మాటకి అతనికి కోపం రావాలి. దారి పొడుగునా తలుచుకుని నవ్వుకున్నాడు.

స్పీడు పెరిగింది. ఒక ఆదివారం తిన్నని దారి చివర, మలుపు ముందు, కాలి కింద బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. కారు ట్రాక్ దాటి గడ్డిలోకి దూసుకెళ్ళి ఆగింది. నాలుగు చక్రాల్లోంచీ పొగ. స్నేహితులు ఆ క్షణం నుంచీ అతనికి "పొగ" అని పేరు పెట్టేశారు. మర్నాడు అతను షాపు మెట్లెక్కుతుంటే ఆమె ముక్కు ఎగబీల్చి, "చొక్కా మార్చుకున్నా వాసన పోలేదండీ" అంది.

అలా రెండు సెట్లు కొన్నాడు. శనివారం సాయంత్రం ట్రాక్‌వి వెయ్యాలి, ఆదివారం ఇంటికి రాగానే అవి తీసేసి రోడ్డువి వెయ్యాలి. సోమవారం పొద్దున్నే ఆ కారు వాళ్ళమ్మ తీసుకెళ్తుందని అతనే చెప్పాడు కాబట్టి, ఆమె ఆ మాట మరీ నొక్కి చెప్పింది. బద్ధకం వేసే మనిషైతే ఇప్పుడే చెప్పెయ్యమంది, అమ్మడం మానేస్తానంది.

ప్యాడ్లు మార్చడం అతనికి ఆమే నేర్పింది, షాపు వెనక ఖాళీ జాగాలో. జాక్ ఎక్కడ ఆనించాలో, చక్రం విప్పాక ఏ బోల్టు ముందు తియ్యాలో. ఆ షాపు ఆమె మేనమామది. తల్లీ తండ్రీ లేని పిల్లని చిన్నప్పుడే తెచ్చుకుని పెంచాడు, కౌంటర్ మీద కూర్చోబెట్టి పని నేర్పాడు. ఆయన వెనక్కి వచ్చినప్పుడల్లా తలుపు దగ్గరే నిలబడి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గులో జబ్బేమీ లేదు, మర్యాద ఉంది.

ఒక సాయంత్రం చక్రం విప్పి ఉండగానే వాన అందుకుంది. ఇద్దరూ చూరు కిందకి జరిగారు. చూరు ఒక్కరికే సరిపోయేంత. చేతులనిండా నల్లటి బ్రేకు పొడి. ఆమె చెంప మీద వాన చుక్క పడితే అతను తుడవబోయి, అక్కడ ఇంత మసి పూశాడు.

"అద్దాలు తుడిచేది ఇలాగేనా నువ్వు?" అంది.

మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరికీ తెలిసింది. వాన తగ్గినా చాలాసేపు ఎవరూ కదల్లేదు.

ఇంట్లో వాళ్ళమ్మకి విషయం అర్థమైపోయింది. ఆవిడ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. కొడుకు గోళ్ళలో నల్లపొడి చూసి, "బ్రేకుల పిల్లని ఎప్పుడు తీసుకొస్తావురా, లేకపోతే నేనే వెళ్ళి ఏదో ఒకటి కొనాలా?" అని ఏడిపించేది. వచ్చే శనివారం తీసుకొస్తానని మాటిచ్చాడు.

ఆ శనివారం రాలేదు.

అంతకుముందు ఆదివారం ట్రాక్ మీద అతను ఎప్పుడూ కొట్టనంత మంచి టైం కొట్టాడు. స్నేహితులు సాయంత్రం దాకా వదల్లేదు. ఇంటికి వచ్చేసరికి వాన, ఒళ్ళంతా నొప్పులు. రోడ్డు ప్యాడ్లు డిక్కీలోనే ఉన్నాయి. అమ్మ కంటే ముందే లేచి మార్చేద్దాంలే అనుకుని పడుకున్నాడు.

వాళ్ళమ్మకి పెందలాడే పిలుపొచ్చింది. ఏదో అత్యవసరమైన ఆపరేషన్. కొడుకుని లేపడం ఎందుకని ఆవిడే తాళాలు తీసుకుంది. తడిసి చల్లబడ్డ కారు వీధి చివర వాలులో దిగుతూ, ఆవిడ తొక్కాల్సినంతా తొక్కినా, ఆగాల్సిన చోట ఆగలేదు. ఎదురుగా ఆగి ఉన్న వ్యాన్‌ని గుద్దుకుంది. ఎదుటివాళ్ళకేమీ కాలేదు. ఆవిడ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

కబురందగానే షాపు అమ్మాయి మేనమామతో కలిసి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. వరండాలోనే అతన్ని పక్కకి పిలిచి, చిన్న గొంతుతో అడిగింది.

"నిన్న వచ్చాక మార్చావా?"

"మార్చాను" అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. లోపల అమ్మ మూలుగు వినిపిస్తోంది. భయం వేసింది. ఒక్కసారి నోరు దాటాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

ఆమె లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. ఆవిడ నొప్పితో కళ్ళు సగమే తెరిచి, "ఎంత తొక్కినా ఆగలేదమ్మా. నువ్విచ్చినవేగా అవి" అంది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అంది.

ఆమె తిరిగి అతని వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు.

మేనమామ ముందుకొచ్చి చేతులు జోడించాడు. తన కొట్లో సరుకు వల్లే అయితే బాధ్యత తనదేనన్నాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయన ఎవరి ముందూ అలా నిలబడలేదు. ఆ మర్నాడే మేనకోడల్ని కౌంటర్ మీంచి లేపి, వెనక గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనికి పెట్టాడు. అసలు సంగతి తేలేదాకా అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు.

అతను ఫోన్ చేస్తే ఎత్తేది. అమ్మగారికి ఎలా ఉందని అడిగేది. ఇంకేమైనా చెప్పాలా అని ఆగేది. ఏమీ లేదనేవాడు. సరే అని పెట్టేసేది.

వారం గడిచాక వాళ్ళమ్మ కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, ఆ షాపు మీద ప్యాడ్ల కంపెనీకి ఫిర్యాదు చెయ్యాలంది, తన చేత్తో రాయలేదు కాబట్టి కొడుకునే రాయమంది. ఇలాంటివి ఇంకెవరికైనా అమ్మితే ప్రాణాలు పోతాయంది. అతను పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క అక్షరం పడలేదు. అప్పుడు చెప్పేశాడు. వరండాలో అన్న అబద్ధం కూడా.

ఆవిడ అతని చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

"ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చుందిరా. నేను దాని ముఖం మీదే ఆ మాట అన్నాను" అంది. "లే. కారు పిలువు."

ఆవిడ అలాగే కొడుకుని వెంటబెట్టుకుని షాపు మెట్లెక్కింది. ముందు మేనమామకి క్షమాపణ చెప్పుకుంది. తప్పంతా తన కొడుకుదని కొనేవాళ్ళందరూ వినేట్టు చెప్పింది. ఆయన మేనకోడల్ని పిలిచి, కౌంటర్ వెనక కుర్చీ లాగి చూపించాడు. అప్పుడు ఆవిడ ఆమె దగ్గరికెళ్ళి, "ఈ వెధవకి బుద్ధి చెప్పే ఓపిక ఉంటే మా ఇంటికి రామ్మా. కోడలిగా అడుగుతున్నాను" అంది.

మేనమామ మేనకోడలి ముఖంలోకి చూశాడు. ఆమె ఊ అంటే ఆయన కాదనేలా లేడు.

ఆమె ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకుంది. తర్వాత అతని వైపు తిరిగింది.

"నాకు ఆ రోజే తెలుసండీ" అంది. "ఇంటికెళ్తూ, గుద్దుకున్న కారుని పెట్టిన గ్యారేజీలో ఆగి చూశాను. చక్రం సందులోంచి కనిపిస్తూనే ఉంది, ఏ ప్యాడ్లో."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారని."

మళ్ళీ మీరు. అతనికి అది చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"మర్చిపోతే నాకేం కోపం లేదు. నిద్రొస్తే ఎవరైనా పడుకుంటారు. మావయ్య అందరి ముందు చేతులు జోడిస్తుంటే మీరక్కడే ఉన్నారు. గోడౌన్‌లో ఉన్నన్నాళ్ళూ ఫోన్ మోగితే చాలు, ఇవాళ చెప్పేస్తారు అనుకుని ఎత్తేదాన్ని." మావయ్య లాగిన కుర్చీ మీద చెయ్యి వేసింది. "నాకు మీరంటే ఇష్టం లేదని కాదు. మీ పక్కన ధైర్యంగా నిలబడలేను. అంతే."

అతను క్షమించమన్నాడు. క్షమించానంది. పెళ్ళికి మాత్రం వద్దంది.

మణికట్టు అతుక్కుంది కానీ బొటనవేలు మునుపటిలా వంగలేదు. వాళ్ళమ్మ థియేటర్ వదిలి మందుల విభాగంలో కూర్చోవలసి వచ్చింది. అతను ట్రాక్‌కి వెళ్ళడం మానేశాడు. ఆవిడ మాత్రం కారుకి ఏం కావాలన్నా ఆ షాపుకే వెళ్ళేది. ఆడవాళ్ళిద్దరూ కౌంటర్ దగ్గర గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. అతను బయట కారులో కూర్చుని, అద్దాల్లోంచి వాళ్ళ నవ్వులు చూసేవాడు. మాటలు వినపడేవి కావు.

ఆ ఏడాది చివర ఒకరోజు ఆవిడ త్వరగానే బయటికి వచ్చింది. తనే నడుపుతానని అతన్ని పక్క సీట్లోకి జరగమంది.

"ఏమంటోంది?" అని అడిగాడు. ప్రతిసారీ అడుగుతాడు.

"పెళ్ళి కుదిరిందట. పక్క వీధిలో టైర్ల షాపు అబ్బాయి. నన్ను తప్పకుండా రమ్మంది."

"నా గురించి ఏమైనా అడిగిందా?"

ఆవిడ కొడుకు ముఖం చూసింది. తర్వాత ఎడమ చేత్తో తాళం తిప్పింది.

"సీటు బెల్టు పెట్టుకోరా" అంది.