ఎనిమిది లెక్కపెట్టేదాకా కదలొద్దు

"ఆ పెట్టె మాదండీ! మా అమ్మ పొరపాటున ఇచ్చేసింది. వెనక్కిచ్చెయ్యండి."

గుంటూరు బ్రాడీపేటలో ఒక కళ్ళాసుపత్రి. పరీక్ష గదిలోకి హెల్మెట్ కూడా తీయకుండా దూసుకొచ్చి, రొప్పుతూ ఫిలిప్ అన్న మొదటి మాట అది. కుర్చీలో ఉన్న పెద్దాయన చేత అక్షరాల బోర్డు చదివిస్తున్న రెబ్కా వెనక్కి తిరిగింది. పైనుంచి కిందిదాకా నిదానంగా చూసింది.

"ముందు హెల్మెట్ తీయండి. తర్వాత బయట కూర్చోండి. ఇచ్చిన వస్తువు వెనక్కి అడగడానికొచ్చినా సరే, ఇక్కడ టోకెన్ తీసుకోవాల్సిందే."

తీసుకున్నాడు పాపం. ముప్పై ఏడో నంబరు.

జరిగిందేమిటంటే, ఫిలిప్ వాళ్ళ తాత ఒకప్పుడు చెక్క కెమెరా భుజానేసుకుని ఊరూరా తిరిగి ఫోటోలు తీసిన మనిషి. ఆయన పోయాక కెమెరా ఇప్పుడు ఫిలిప్ నడుపుతున్న స్టూడియోలో అటకెక్కింది, అద్దాల పెట్టె ఇంట్లో బీరువాలోకి చేరింది. మొన్న చర్చిలో ఈ ఆసుపత్రివాళ్ళు కంటి శిబిరం పెడితే, మఖమల్ గుడ్డలో గుండ్రటి అద్దాలు వరసగా పేర్చి ఉన్న ఆ పెట్టెని చూసి అమ్మ, ఇదేదో కళ్ళ డాక్టర్ల సామాననుకుంది. సంతోషంగా ఇచ్చేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ముప్పై ఏడో నంబరు వచ్చింది.

"మూడు రోజులుగా దీంతో నా తల పగిలిపోతోందండీ," అంది రెబ్కా పెట్టె తెరుస్తూ. "కళ్ళజోడు నంబరు తేల్చే ట్రయల్ బాక్సే అనుకున్నా. తీరా చూస్తే అయిదే అద్దాలు. అన్నీ ప్లస్సే. గుంటూరులో సగం మంది పిల్లలకి మైనస్, ఇందులో ఒక్క మైనస్ లేదు! ఈ ఇత్తడి గొట్టం ఎందుకో అర్థం కాలేదు."

"ఇవి కెమెరా అద్దాలండీ. గొట్టం వెనక ఒక్కటే బిగించుకోవచ్చు. లేదా ముందొకటి, వెనకొకటి. జత మారిస్తే ఫోటో మారిపోతుంది. ఒక జతకి ఊరేగింపంతా పడుతుంది, ఇంకో జతకి ఒక్క మనిషే నిండుగా పడతాడు."

"ఏ జతకి ఏది?"

ఫిలిప్ గతుక్కుమన్నాడు. "మూతలో చీటీ ఉండేది. చెదలు తినేశాయి."

"అంటే మీకూ తెలీదన్నమాట!" ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి ఫిలిప్‌కి కోపం రావాలి. రాలేదు. అక్కడే మొదలైంది అతని కష్టం.

రెబ్కా ఒక్కో అద్దాన్నీ లెన్సోమీటర్ మీద పెట్టి పవర్ చూసింది. మందుల చీటీ వెనక రాసింది. "నాలుగో నంబరు అద్దం పవర్ రెండు. రెండో నంబరు అద్దానిది రెండున్నర. రెండూ కలిపితే నాలుగున్నర. వందని నాలుగున్నరతో భాగిస్తే ఇరవై రెండు సెంటీమీటర్లు. మీ కెమెరాని సుమారు అంత లాగితే దూరపు బొమ్మ కుదురుతుంది. ఇది మేం రోజూ చేసే కూడికేనండీ, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు."

రెండేళ్ళుగా అటకెక్కి ఉన్న తాత విద్య మందుల చీటీ వెనక పది నిమిషాల్లో తేలిపోయింది. ఫిలిప్ పెట్టె చంకన పెట్టుకుని, ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాడు. జతలకోసమే దాచుకున్నానని తనకి తనే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత రెబ్కా డ్యూటీ అయ్యాక స్టూడియోకి రావడం మొదలుపెట్టింది. కెమెరా వెనక నల్లగుడ్డలో దూరి, బొమ్మ పడే గరుకు అద్దం మీద తలకిందులుగా నడిచే ఆటోల్ని చూసి చిన్నపిల్లలా మురిసిపోయేది. ఫిలిప్ అద్దాలు మారుస్తూ అడిగేవాడు. "ఇది బాగుందా? పోనీ ఇది?"

ఒకరోజు అలా అడగ్గానే రెబ్కా గుడ్డ తొలగించింది. బయటికొచ్చి, జుట్టు సర్దుకుంటూ అంది. "రోజంతా జనాన్ని 'ఇది బాగుందా, ఇది బాగుందా' అని అడిగేది నేనే. నన్నెవరూ అడగరండీ. నాన్న కూడా అడగలేదు. పిడుగురాళ్లలో ఒక సంబంధం చూశాడు. అబ్బాయి సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరట. ఆదివారం ఆరాధన అయ్యాక మాటిచ్చేస్తాడు."

చెప్పి, అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ఈ పిల్ల లేకపోతే ఈ స్టూడియోలో సాయంత్రాలెలా గడుస్తాయో అతనికి తెలియలేదు. కానీ ఎదురుగా గోడ అద్దంలో తన షాపు కనపడింది, పాస్‌పోర్టు ఫోటోల రేట్ల బోర్డుతో సహా. అవతల ఇంజనీరు.

"మంచి సంబంధమే కదండీ," అన్నాడు.

మొద్దావతారం! ఇంకేమనాలి చెప్పండి.

రెబ్కా ముఖం చిన్నబోయింది. బ్యాగు భుజానేసుకుంది. "అలాగైతే పెళ్ళివాళ్ళకి పంపే ఫోటో మీరే తీయండి. ఈ కెమెరాతోనే. శనివారం మా ఊరు రండి," అనేసి వెళ్ళిపోయింది.

అద్దంకి ఊరి దగ్గర పల్లె వాళ్ళది, ఉద్యోగం కోసం రెబ్కా గుంటూరులో హాస్టల్లో ఉంటోంది. శనివారం ఫిలిప్ బస్సు దిగేసరికి ఇంటి పక్క కళ్ళంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి పలకరించాడు. రెబ్కా వాళ్ళ నాన్న ఇమ్మానియేలు మాస్టారు మంచం మీద పేపరు చదువుతున్నారు.

"ఫోన్లో తీస్తే రెండు నిమిషాల పని కదా బాబూ," అన్నారు కెమెరా కాళ్ళు చూసి.

రెబ్కా ఎర్రచీర కట్టుకుని వచ్చింది. ఫిలిప్ నెత్తి కొట్టుకున్నాడు. "ఫిల్ము బదులు వాడే ఈ కాగితానికి ఎరుపు కనపడదని చెప్పానా లేదా? చీరా మిరపకాయలూ అన్నీ నల్లగా వస్తాయి."

"రానివ్వండి. వాళ్ళకి నచ్చకపోతే నాకేం నష్టం?"

అప్పుడైనా అర్థం కావాలా వద్దా! ఫిలిప్ తలవంచుకుని జత బిగించాడు, ఒక్క మనిషే నిండుగా పడే జత. నల్లగుడ్డలో దూరి చూశాడు. ఆమె తలకిందులుగా నిలబడి, నేరుగా తన కళ్ళల్లోకే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంది, ఇంకేదో అడగడం కూడా ఉంది. 'నన్నెవరూ అడగరండీ' అన్న మాట చెవిలో మోగింది. తనూ అడగలేదు కదా.

ఇంతలో మబ్బు పట్టింది. వెలుతురు తగ్గిపోయింది.

"ఎనిమిది సెకన్లు పడుతుంది. ఎనిమిది లెక్కపెట్టేదాకా కదలొద్దు, మాట్లాడొద్దు." కాగితం పెట్టి, అద్దం మీద మూత తీశాడు. చేతి గడియారం మీదే చూపు పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఒకటి. మొన్న నేనన్నది అబద్ధం. రెండు. ఆ సంబంధం నాకసలు నచ్చలేదు. మూడు. నాది చిన్న షాపు, మీకు తెలుసు. నాలుగు. అయినా మీరంటే నాకు ప్రాణం. అయిదు. మిమ్మల్నెవరూ అడగలేదన్నారుగా. ఆరు. నేను అడుగుతున్నాను. ఏడు. నన్ను చేసుకుంటారా? ఎనిమిది."

మూత పెట్టేశాడు. ఆమె వైపు చూసే ధైర్యం లేకపోయింది.

టప్‌మని ఒక చినుకు. ఆ వెంటనే ఇంకో నాలుగు.

"అమ్మాయ్, పట్టాలు కప్పాలి!" మాస్టారు పేపరు విసిరేసి పరుగెత్తారు. కళ్ళంలో కాయ తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే, ఇక ప్రేమలూ దోమలూ ఎవడిక్కావాలి! ఫిలిప్ కూడా కెమెరాని వసారాలో పడేసి ఒక పట్టా కొస పట్టుకున్నాడు. అవతలి కొస రెబ్కా పట్టుకుంది. ముఖమంతా వాన. పట్టా మీద రాళ్ళు పేర్చడంలో మునిగిపోయింది.

ఊళ్ళో బస్సు హారన్ వినపడితే అతను కెమెరా సర్దుకున్నాడు. అప్పుడు మాత్రం దగ్గరికొచ్చి అంది. "ఫోటో చెడిపోతే నన్ననకండి."

గుంటూరు దాకా ఆ మాటే నమిలాడు ఫిలిప్. సాయంత్రం స్టూడియో వెనక గదిలో ఎర్రలైటు వేసి, కాగితాన్ని మందు ట్రేలో ముంచాడు. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా బొమ్మ తేలింది. చీర వచ్చింది. చేతులూ గాజులూ వచ్చాయి. ముఖం మాత్రం చెదిరిపోయింది.

కదిలింది. కదలొద్దని చెప్పినా కదిలింది. తను అడుగుతుంటే వద్దు వద్దని తల ఊపి ఉంటుంది. ఫిలిప్ ఫోటో బల్లమీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

టీ తెచ్చిన అమ్మ అతని వాలకం చూసి అంతా కక్కించింది. తర్వాత ఫోటో అందుకుని వెలుతురులోకి తీసుకెళ్ళింది.

"ఒరేయ్, ఈ జుంకాలు చూడు. గీతల్లా ఉన్నాయి."

"కదిలిందమ్మా. వదిలెయ్."

"వద్దనేవాళ్ళు తల అడ్డంగా కదా ఊపుతారు? అప్పుడు గీతలూ అడ్డంగా ఉండాలి. ఇవి నిలువుగా ఉన్నాయేంట్రా?"

ఫిలిప్ లేచి ఫోటో లాక్కున్నాడు. రెండు జుంకాలూ రెండు నిలువు గీతలు. ముక్కూ, పెదాలూ అన్నీ కిందికీ పైకీ చెదిరాయి. ఒక్కసారి కాదు, ఎన్నిసార్లు ఊపిందో!

ఫోన్ ఒక్క రింగుకే ఎత్తింది రెబ్కా.

"ఫోటో చెడిపోయిందండీ," అన్నాడు.

"ఇప్పుడా చూడ్డం! నేను నాన్నకి వాన వెలిసేలోపే చెప్పేశాను."

"ఏమన్నారు?"

"'నిన్ను ముందే అడగాల్సిందమ్మా' అన్నాడు. పిడుగురాళ్ల వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పాడు." ఆమె నవ్వింది. "ఒక్క ఫోటోకే ఇంతసేపు పట్టినవాడికి పెళ్ళికి ఎన్నేళ్ళు పడుతుందో కనుక్కోమన్నాడు."

ఫిలిప్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి, పెళ్ళివాళ్ళకి పంపాల్సిన ఫోటో?"

"మీ అమ్మగారు చూశారా?"

అమ్మ మళ్ళీ ఫోటో అందుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఆ జుంకాల్నే చూసుకుంటోంది.

"చూసింది. ఆవిడ చేతిలోనే ఉంది."

"అయితే పెళ్ళివాళ్ళకి చేరిపోయిందిగా," అంది రెబ్కా.